కేంద్ర గ్రంథాలయం మూడో అంతస్తు

ఉపకులపతి గారు ఢిల్లీలో రెండు రోజుల సదస్సుకు వెళ్లి, మూడో రోజు విమానం దిగేసరికి మన పిల్లలకు వెతకడం రాదని తేలిపోయింది.

వెతకడమంటే చెప్పులో, బస్సు పాసో వెతుక్కోవడం కాదు. అవి మన పిల్లలకు బాగానే వచ్చు. సమాచారం వెతకడం. రాబోయే కాలమంతా సమాచారం వెతకడం వచ్చినవాళ్లదేనని సదస్సులో ఎవరో తెర మీద బొమ్మలు వేసి మరీ చూపించారట. అది విన్నాక ఉపకులపతి గారు భోజనం కూడా సరిగా చేయలేదట. మర్నాడు పదకొండు గంటలకల్లా సర్క్యులర్ వచ్చేసింది. ఆఖరి సెమిస్టరులో ఉన్న నాలుగు వేల రెండు వందల పదిహేడు మంది విద్యార్థులూ ‘సమాచారాన్వేషణ నైపుణ్య వికాసం’ అనే ఆన్‌లైన్ కోర్సు ఆరు వారాలు చదవాలి, పరీక్ష రాయాలి, సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. అది లేనివాళ్లకు సెమిస్టర్ పరీక్షల హాల్ టికెట్ ఇవ్వబడదు. రెండు పేజీల ఆ సర్క్యులర్‌లో ‘అన్వేషణ’ అన్న మాట పంతొమ్మిది సార్లు ఉంది. ‘గ్రంథాలయం’ అన్న మాట ఒక్కసారే ఉంది, అదీ చివర్లో, నకలు ఎవరెవరికి పంపాలో రాసే చోట.

ఆ నకలు అందుకున్నవాడు లింబాద్రి. ఆయన డిప్యూటీ లైబ్రేరియన్. లైబ్రేరియన్ పోస్టు తొమ్మిదేళ్లుగా ఖాళీగా ఉంది కాబట్టి ఆ పని కూడా ఆయనదే. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ గ్రంథాలయంలోనే ఉన్నాడు, ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతాడు. ఎవరైనా వచ్చి పుస్తకం కావాలంటే వెంటనే లేచి తెచ్చివ్వడం ఆయనకు అలవాటు లేదు. దేనికి కావాలి, ఎప్పటికి కావాలి, ఇప్పటిదాకా ఎక్కడెక్కడ చూసినవ్ అని మూడు ప్రశ్నలు అడుగుతాడు. సగం మందికి ఆ మూడో ప్రశ్న దగ్గరే తమకు కావలసింది ఎక్కడుందో తడుతుంది. ఈ పద్ధతిని అన్వేషణ నైపుణ్య వికాసం అంటారని ఆయనకు ఎవరూ చెప్పలేదు. అందుకని సర్క్యులర్ చదివి, పాఠాలు తనే చెప్పాలని తెలుసుకుని, సంతోషించాడు కూడా. పాపం, ఆయనకు సర్క్యులర్లు చూసి సంతోషించే జబ్బు ఈ వయసులోనూ పోలేదు.

మొదటి క్లాసు రోజున కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. తెర మీద నల్లటి గళ్లు వచ్చాయి. ఒక్కో గడిలో ఒక్కో పేరు. మనిషి ఎక్కడా లేడు.

“వినబడుతుందా?” అని అడిగాడు.

నాలుగు వేల గళ్లు మౌనంగా ఉన్నాయి. పాఠం చెప్పాడు. సమాచారం ఎక్కడ దొరుకుతుంది, దొరికినదాన్ని ఎందుకు నమ్మాలి, ఎందుకు నమ్మకూడదు, అన్నీ చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. చివర్లో ఏమైనా అనుమానాలుంటే అడగమన్నాడు. ఎవరూ అడగరని లేవబోతుంటే ఒక గడి చుట్టూ పచ్చగీత వెలిగింది. బైరి వినోద, ఎమ్మెస్సీ బాటనీ.

“సార్, వెబ్‌సైట్‌ల ఉన్నదే తప్పయితే ఎట్ల తెలుస్తది?”

లింబాద్రికి ప్రాణం లేచి వచ్చింది. నల్లగళ్ల వెనక ఒక మనిషి ఉంది, ఆ మనిషికి సందేహం వచ్చింది.

“మంచిగ అడిగినవ్ బిడ్డా. ఇంకో రెండు చోట్ల చూడాలె. అన్నిటికన్న మంచిది ఏందంటే, వీలయితే లేచి పోయి సొంతంగ చూసుకోవాలె.”

ఈ మాట రికార్డయింది. అన్నీ రికార్డవుతాయి.

పాఠాలు రాతపూర్వకంగా ఇమ్మంటే ఆయన ఇచ్చాడు. వాటిని డిజిటల్ బోధనా విభాగం వారు రంగులు వేసి, బాణం గుర్తులు పెట్టి, పిల్లలకు పంపారు. ‘మన గ్రంథాలయాన్ని తెలుసుకుందాం’ అనే పాఠంలో లింబాద్రి ‘మన గ్రంథాలయానికి రెండు అంతస్తులు, కింద పుస్తకాలు, పైన పత్రికలు’ అని రాశాడు. విభాగం వారు విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌తో సరిపోల్చి చూసుకుని, పాపం పెద్దాయన పొరబడ్డాడనుకుని, మూడు అని దిద్దారు. వెబ్‌సైట్‌లో మూడే ఉన్నాయి మరి. పాతికేళ్ల కిందట భవనానికి మూడు అంతస్తుల నక్షా గీయించారు. రెండు కట్టేసరికి అప్పటి ఉపకులపతి గారి పదవీకాలం అయిపోయింది. ఆ నక్షాకు రంగులు వేసిన బొమ్మే మొదట బ్రోచర్‌లోకీ, అక్కణ్ణించి గుర్తింపు కమిటీకి పంపిన నివేదికలోకీ, అక్కణ్ణించి వెబ్‌సైట్‌లోకీ ఎక్కింది. ఆ బొమ్మలో గ్రంథాలయం ముందు ఒక నీలం కారు, బెలూన్లు పట్టుకున్న ఇద్దరు పిల్లలు కూడా ఉంటారు. వాళ్లనీ ఎవరూ చూడలేదు.

ఆరు వారాలు గడిచాయి. పరీక్ష వచ్చింది. దాని నిబంధనలు రూపొందించినవాడు పరీక్షల కంట్రోలర్ మార్తాండరావు. ఆయన ఒకసారి నిబంధన రాస్తే చీమ కూడా దూరడానికి సందుండదని పేరు. విద్యార్థులు ఎక్కడున్నవాళ్లు అక్కడే కూర్చుని, కెమెరా ముందు ముఖం పెట్టి, అరగంటలో పాతిక ప్రశ్నలకు గుర్తులు పెట్టాలి. ముఖం పక్కకు తిరగకూడదు. ఇంకో వెబ్‌సైట్ తెరవకూడదు. పుస్తకం చూడకూడదు. నిబంధన ఏడు స్పష్టంగా చెప్పింది: ‘అన్వేషణ నైపుణ్య పరీక్షా సమయంలో అభ్యర్థి ఎట్టి పరిస్థితుల్లోనూ ఎట్టి అన్వేషణకూ పాల్పడరాదు.’

లింబాద్రి అది చదివి కంట్రోలర్ గారి గదికి వెళ్లాడు. “సార్, వెతుకుడు వచ్చునా రాదా అని పరీక్ష పెడుతున్నం. వెతకొద్దంటే ఎట్ల?”

“పరీక్ష అన్నాక కాపీయింగ్ ఉండకూడదు కదా లింబాద్రి గారూ,” అన్నాడు మార్తాండరావు ఎంతో ఓపిగ్గా. “ఎవరైనా వెతికి సమాధానం కనుక్కుంటే, వాళ్లకు సమాధానం రానట్టే లెక్క.”

పిల్లలు తెలివైనవాళ్లు. పాఠాలు బట్టీ పట్టి, గుడ్లప్పగించి కెమెరా వైపు చూస్తూ, టకటకా గుర్తులు పెట్టేశారు. పదిహేడో ప్రశ్న: కేంద్ర గ్రంథాలయంలో ఎన్ని అంతస్తులు ఉన్నవి? నాలుగు వేల రెండు వందల పదహారు మంది మూడు అన్నారు. ఒకరు రెండు అన్నారు. ఆ ఒకరు రెండు నిమిషాల నలభై సెకన్లు కెమెరాలో కనబడలేదు. సాఫ్ట్‌వేర్ ఈ రెండు సంగతులనూ కలిపి, ఎర్ర రంగు వేసి, కంట్రోలర్ గారికి పంపింది.

విచారణ ఉపకులపతి గారి గదిలోనే జరిగింది. ఉపకులపతి గారు, మార్తాండరావు, కోర్సు ఉపాధ్యాయుడిగా లింబాద్రి కూర్చున్నారు. ఎదురుగా వినోద నిలబడింది. ఆ పిల్ల గురుకులంలో టీచరు ఉద్యోగానికి ఎంపికైంది. ఆగస్టు ఒకటికల్లా ఎమ్మెస్సీ పాసైన కాగితం చూపిస్తేనే ఉద్యోగం, లేకపోతే జాబితాలో తర్వాతి పేరుకు పోతుంది. ఎమ్మెస్సీ పాసవ్వాలంటే పరీక్ష రాయాలి, పరీక్ష రాయాలంటే హాల్ టికెట్ రావాలి. వాళ్లమ్మ బీడీలు చుట్టి చుట్టి కళ్లు పాడుచేసుకుని ఆ పిల్లను ఇంతదాకా చదివించింది. ఈ సంగతంతా లింబాద్రికి తెలుసు, ఆ గదిలో మిగతా ఇద్దరికీ తెలియదు. తెలుసుకోవడానికి వాళ్లు వెతకలేదు.

“పరీక్ష మధ్యలో ఎక్కడికి వెళ్లావమ్మా?” అన్నారు ఉపకులపతి గారు.

“వరండాలకు పోయిన సార్. మా హాస్టల్ వరండాలకెళ్లి లైబ్రరీ కనిపిస్తది.”

“దేనికి?”

“అంతస్తులు లెక్కపెట్టనీకి సార్. నోట్సుల మూడని ఉన్నది. నాకు రెండే యాదికున్నయి. అనుమానమొస్తే పోయి చూడాలె అని లింబాద్రి సార్ చెప్పిండ్రు.”

మార్తాండరావు ‘నేరాంగీకారం’ అని రాసుకున్నాడు. తర్వాత లింబాద్రి చెప్పిన క్లాసు రికార్డింగును తనే పెట్టి వినిపించాడు. ‘లేచి పోయి సొంతంగ చూసుకోవాలె’ అన్న మాట గదిలో రెండుసార్లు మోగింది. మాల్‌ప్రాక్టీసుకు పురిగొల్పడం కింద అది ఏ సెక్షన్లోకి వస్తుందో చూడాలన్నాడు.

“సార్, అదంత తర్వాత,” అన్నాడు లింబాద్రి. “ఆ పిల్ల రాసింది కరెక్టు. ఉన్నయి రెండే. గీ కిటికీలకెళ్లి చూసినా కనిపిస్తది.”

నిజంగానే కనిపిస్తుంది. గ్రంథాలయం ఆ కిటికీకి సరిగ్గా ఎదురుగా ఉంది. కింద హాలు, పైన హాలు, ఆపైన డాబా, డాబా మీద నీళ్ల ట్యాంకు. మార్తాండరావు లేచి వెళ్లి కిటికీ తెర పూర్తిగా మూసేశాడు. వెలుతురు పడితే ప్రొజెక్టర్ బొమ్మ సరిగా కనిపించదు. గోడ మీద వెబ్‌సైట్ వచ్చింది. మూడు అంతస్తులు, నీలం కారు, బెలూన్లు.

“చూడండి లింబాద్రి గారూ,” అన్నారు ఉపకులపతి గారు. “చూడటం అనేది ఒక వ్యక్తిగత అనుభవం. మీరు చూస్తారు, అమ్మాయి చూస్తుంది. నేను కాదనను. కానీ విశ్వవిద్యాలయం వ్యక్తిగత అనుభవాల మీద నడవదు. ప్రామాణికమైన ఆధారం ఉండాలి.”

“పైగా ఒక్క అమ్మాయి రెండంటోంది, నాలుగు వేల రెండు వందల పదహారు మంది మూడంటున్నారు,” అన్నాడు మార్తాండరావు. “రెండే అనుకుంటే వాళ్లందరి సర్టిఫికెట్లూ రద్దు చేయాలి. వెబ్‌సైట్ అబద్ధమవుతుంది. గుర్తింపు కమిటీకి ఇచ్చిన నివేదిక అబద్ధమవుతుంది. ఒక్క అంతస్తు కోసం ఇంత నష్టం భరించగలమా?”

చివరికి ఉపకులపతి గారు పెద్ద మనసు చేసుకుని, ఏ నిర్ణయమూ తీసుకోకుండా, ‘అంతస్తుల నిర్ధారణ ఏకసభ్య సంఘం’ వేశారు. ఆ ఏక సభ్యుడు లింబాద్రి. అప్పటిదాకా వినోద హాల్ టికెట్ నిలిపివేయబడింది. సెమిస్టర్ పరీక్షలు ఇరవై రెండు రోజుల్లో ఉన్నాయి.

లింబాద్రి ఆ సాయంత్రమే నివేదిక ఇచ్చాడు. ‘గ్రంథాలయానికి రెండు అంతస్తులు ఉన్నవి’ అని ఒక్క వాక్యం. నాలుగు రోజుల తర్వాత అది తిరిగొచ్చింది. నివేదికలో పరిచయం, పరిశోధనా విధానం, ఆధార గ్రంథాల పట్టిక లేవు కాబట్టి పరిశీలించలేకపోతున్నామన్నారు. ఆయన ఓపిగ్గా అవన్నీ రాసి, పన్నెండు పేజీలు చేసి, చివర ఫోటో అతికించి పంపాడు. అది మూడు రోజుల్లోనే తిరిగొచ్చింది. ‘ఫోటోలో భవనం పైభాగం అసంపూర్తిగా ఉన్నది. మూడవ అంతస్తు కనిపించు కోణము నుండి మరల తీయించి పంపగలరు.’

లింబాద్రి తల పట్టుకున్నాడు. ఆయన తల పట్టుకుని కూర్చున్న రోజుల్లోనే పరిపాలన చకచకా కదిలింది. ఉన్న అంతస్తును ఇన్నాళ్లూ వాడుకోకపోవడం వల్లే ఈ అనుమానాలు పుట్టాయని ఉపకులపతి గారికి తోచింది. వెంటనే ‘మూడవ అంతస్తు క్రియాశీలీకరణ సంఘం’ ఏర్పడింది, మార్తాండరావు దానికి కన్వీనర్. మెట్ల దగ్గర బోర్డు వెలిసింది: ‘మూడవ అంతస్తుకు దారి. నిశ్శబ్దం పాటించండి.’ పనివేళలు ప్రకటించారు. ఆ అంతస్తులో కూర్చుని చదువుకోవడానికి ఆన్‌లైన్లో సీట్లు ఇస్తామంటే ఒక్క రోజులో నూట అరవై సీట్లూ నిండిపోయాయి. కూర్చున్నవాళ్ల అభిప్రాయాలు అడిగితే ఎక్కువమంది బాగుందన్నారు, కొందరు మాత్రం గాలి ఎక్కువన్నారు.

వీటన్నిటినీ లింబాద్రి నవ్వి ఊరుకునేవాడే. ఒకరోజు సాయవ్వ చీపురు పక్కన పెట్టి, ఒక కాగితం తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది. ఆమె గ్రంథాలయం ఊడ్చే మనిషి.

“సారూ, గిదేందో సదువున్రి.”

మెమో. మూడవ అంతస్తును ఊడవడంలో నిర్లక్ష్యం వహించినందుకు సంజాయిషీ కోరుతూ.

“ఇరవై ఏండ్ల సంది ఊడుస్తున్న సారూ. ఒక్క దినం నన్నెవలు మాటన్లే,” అంది సాయవ్వ. “ఏడున్నదో జూపెట్టుమనున్రి, ఊడుస్త. నాకేమన్న ఊడ్చుడు బరువా?”

 లింబాద్రికి అప్పుడు కోపం వచ్చింది. ఇన్ని రోజులూ వచ్చింది విసుగు, ఇది కోపం. ఆమె చెప్పిన మాటలే సంజాయిషీగా రాసి, వేలిముద్ర వేయించి పంపాడు.

దానికి జవాబు సాయవ్వకు రాలేదు, లింబాద్రికే వచ్చింది. మూడవ అంతస్తులో పర్యవేక్షణ లేకపోవడమే ఇటువంటి నిర్లక్ష్యానికి కారణమని గుర్తించి, శ్రీ లింబాద్రిని తక్షణం మూడవ అంతస్తు ఇన్‌చార్జిగా బదిలీ చేస్తున్నారు. సోమవారం ఉదయం పదిన్నరకు విధుల్లో చేరి జాయినింగ్ రిపోర్టు సమర్పించాలి. ఆ రిపోర్టు అందిన వెంటనే కుమారి బైరి వినోద కేసు పరిష్కరించబడుతుంది.

పరిష్కారమంటే ఏమిటో మార్తాండరావు ఫోన్లో విడమరిచి చెప్పాడు. “ఒక అధికారి ఒక అంతస్తులో విధుల్లో చేరాడంటే ఆ అంతస్తు ఉన్నట్టే కదా. అంతకు మించిన ప్రామాణిక ఆధారం ఏముంది? అమ్మాయి సమాధానం తప్పు, మాల్‌ప్రాక్టీసు నిజం. కేసు ముగుస్తుంది.”

“నేను చేరకుంటే?”

“రెండు నెలల సర్వీసు పెట్టుకుని ఎందుకు సార్ ఈ మాటలు. చేరకపోతే సోమవారం నుంచి గైర్హాజరు. తర్వాత మీ పెన్షన్ కాగితాలు ఎవరు కదుపుతారు?”

శనివారం మధ్యాహ్నం వినోద గ్రంథాలయానికి వచ్చింది. వార్త అప్పటికే హాస్టళ్లన్నీ చుట్టేసింది. ఆ పిల్ల ఆయన బల్ల ముందు నిలబడి అంది:

“సార్, మీరు సంతకం పెట్టేయున్రి. నేను మళ్లొచ్చే ఏడు రాస్త.”

“మరి ఉద్యోగం?”

“పోతది. మా అమ్మకు ఏదో ఒకటి చెప్త. గాని నాకోసం మీ పెన్షన్ ఆగుడేంది సార్?”

“నాకోసం నీ ఉద్యోగం పోవుడేంది మరి?” అన్నాడు లింబాద్రి. “లేచి పోయి చూడుమన్నది నేను. నువ్వు ఇన్నవ్. నాలుగు వేల మందిల నువ్వొక్కదానివి ఇన్నవ్. ఇప్పుడు నేనే అబద్ధం రాస్తే నేను ఇన్నేండ్లు చెప్పినదానికి అర్థమేమున్నది బిడ్డా?”

అన్నాడు గానీ, ఆ పిల్ల వెళ్లాక ఆయనకు భయం వేసింది. ఇంట్లో భార్యకు చెప్పుకునే ధైర్యం లేదు. సంతకం పెడితే ఒక పిల్ల బతుకు ఆగిపోతుంది, పెట్టకపోతే తన ముసలితనం ఆగిపోతుంది. ఆదివారమంతా పాత ఫైళ్లు ముందేసుకుని కూర్చున్నాడు. ఆ ఫైళ్లలో ముప్పై ఒక్క ఏళ్లలో తను చేరిన ప్రతి సీటుకూ సంబంధించిన కాగితాలున్నాయి. చూసినకొద్దీ ఒక సంగతి ఆయన కంటికి ఆనింది. ఏ సీటులోనూ ఆయన ఊరికే చేరలేదు. ప్రతిసారీ ఎవరో ఒకరు ఛార్జ్ అప్పజెప్పారు, తను తీసుకున్నాడు.

ఈ అప్పజెప్పడం సంగతి తెలియనివాళ్ల కోసం చెప్పాలి. మన ఆఫీసుల్లో ఆకాశం విరిగి పడినా ఆగని ఆచారం ఇదొక్కటే. ఒక విభాగం ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్లేటప్పుడు, అందులో ఉన్న ప్రతి వస్తువునూ కళ్లతో చూసి, జాబితాలో రాసి, ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ సంతకాలు చేయాలి. కాలు విరిగిన స్టూలుక్కూడా ఒక వరుస సంఖ్య ఉంటుంది. జాబితాలో రాసింది తర్వాత కనబడకపోతే సంతకం చేసినవాడి జీతంలోంచి పట్టుకుంటారు. అంతకు ముందు ఆ సీటులో ఎవరూ లేకపోతే, ఆ సీటును పుట్టించిన అధికారే వచ్చి అప్పజెప్పాలి.

సోమవారం పదిన్నరకు లింబాద్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెట్ల దగ్గర నిలబడి, మార్తాండరావుకు ఒక ఉత్తరం పంపాడు. ‘విధుల్లో చేరుటకు సిద్ధంగా ఉన్నాను. క్రియాశీలీకరణ సంఘం కన్వీనర్ హోదాలో తమరు వచ్చి ఛార్జ్ అప్పగించవలసిందిగా ప్రార్థన.’

మార్తాండరావు నిబంధనల మనిషి. నిబంధన అడిగితే రానని అనలేడు. తనే తయారుచేయించిన అరవై నాలుగు వస్తువుల జాబితా పట్టుకుని వచ్చాడు. ఇద్దరూ మెట్లెక్కారు. కింది హాలు దాటారు, పై హాలు దాటారు, చిన్న ఇనుప తలుపు తీసుకుని డాబా మీదికి వచ్చారు. ఏప్రిల్ ఎండ మాడు పగలగొడుతోంది. ట్యాంకు నీడలో రెండు పావురాలున్నాయి. మార్తాండరావు నెత్తి మీద రుమాలు వేసుకున్నాడు.

“ఏదో ఒకటి త్వరగా కానిచ్చేద్దాం,” అన్నాడు.

“కానిద్దాం సార్,” అని లింబాద్రి జాబితా తీసుకుని చదివాడు. “ఒకటి. పఠన బల్లలు, టేకువి, నలభై. చూపెట్టున్రి సార్.”

మార్తాండరావు ట్యాంకు వైపు చెయ్యి ఊపాడు. “ఉన్నాయని రాసుకోండి.”

“రాసుకుంట. మీరు సంతకం పెట్టున్రి. రేపు ఆడిట్ వాళ్లు వచ్చి నలభై బల్లలు ఏవంటే, మార్తాండరావు సార్ అప్పజెప్పిండ్రు, ఆయిననే అడుగున్రి అంట.”

మార్తాండరావు కలం తీశాడు, కాగితం మీద ఆనించాడు, ఆగిపోయాడు. ఆడపిల్ల ఒక ఏడాది చదువును తీసేయడానికి ఆయన కలం ఆగలేదు. నలభై బల్లల దగ్గర ఆగింది. ఆయన కూతురి పెళ్లి కుదిరి ఉంది, జీతంలో కోత పడే రోజులు కావవి.

“పోనీ, ‘లేవు’ అని రాద్దాం,” అన్నాడు మెల్లగా.

“మీ ఇష్టం సార్. అప్పజెప్పేది మీరు. రెండు. కుర్చీలు, నూట అరవై.”

“లేవు.”

“మూడు. ఫ్యాన్లు, ముప్పై ఆరు.”

“ఫ్యాన్లు దేనికుంటాయయ్యా, కప్పే లేకపోతే,” అని నోరు జారాడు మార్తాండరావు.

“అది కూడా ఉన్నది సార్ జాబితాల. అరవై రెండో నంబరు. వరుస మీద వద్దాం.”

వరుస మీదే వచ్చారు. గంటన్నర పట్టింది. అరవై రెండు, పైకప్పు: లేదు. అరవై మూడు, గోడలు, నాలుగు: లేవు. అరవై నాలుగు, నేల: ఉన్నది, రెండవ అంతస్తు పైకప్పుగా ఇదివరకే వాడుకలో ఉన్నది. ప్రతి గడిలో మార్తాండరావు తన చేత్తో రాసి, పొట్టి సంతకం చేసి, చివర నిండు సంతకం, తేదీ, హోదా ముద్ర వేశాడు. లింబాద్రి కింద రాశాడు: ‘అప్పగించినంత మేరకు స్వీకరించాను.’ తర్వాత కిందికి వచ్చి మూడు నకళ్లు తీయించి, ఒకటి వినోద ఫైలుకు జతచేసి, ఉపకులపతి గారికి పంపాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఏ కాగితాన్నీ ఆయన అంత ప్రేమగా పంచ్ చేయలేదు.

సాయంత్రం సమావేశంలో ఉపకులపతి గారు జాబితా రెండుసార్లు చదివారు. ఇది వ్యక్తిగత అనుభవం కాదు. ముద్ర ఉంది.

“అంటే,” అన్నారు చివరికి, “రికార్డుల ప్రకారం ఉన్న అంతస్తు, స్థలంలో లేదన్నమాట.”

 చెమటలు పట్టి ఉన్న మార్తాండరావుకు ఒక్కసారి దారి దొరికింది. “పోయింది సార్,” అన్నాడు.

ఉపకులపతి గారి ముఖం విచ్చుకుంది. పోవడమంటే అందరికీ గౌరవంగా ఉంటుంది. వెబ్‌సైట్ అబద్ధం కాదు, నివేదిక అబద్ధం కాదు, ఎవరూ ఎప్పుడూ తప్పు చేయలేదు. అంతస్తు ఉండేది, పోయింది. ఎప్పుడు పోయిందో తెలియదు కాబట్టి మూడని రాసినవాళ్లు రికార్డుల ప్రకారం ఒప్పు, రెండని రాసిన అమ్మాయి పరిస్థితుల ప్రకారం ఒప్పు. అందరూ పాస్. వినోద హాల్ టికెట్ విడుదల చేయవచ్చు. అయితే ఒక హామీపత్రం రాసివ్వాలి: ‘మూడవ అంతస్తు నాకు కనబడలేదే గాని, అది ఎన్నడూ లేదని నేను అనుట లేదు.’

వినోద ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. “పెట్టాల్నా సార్?” అని అడిగింది.

“కనబడలేదన్నది నిజమే కదా,” అన్నాడు లింబాద్రి. “మిగతాది వాళ్లు అడుక్కుంటున్నరు, ఇచ్చేయ్ బిడ్డా. పోయి పరీక్ష రాసుకో.”

ఆ పిల్ల సంతకం పెట్టి హాల్ టికెట్ తీసుకుంది. లింబాద్రికి కళ్లు చెమర్చాయి. సంతోషమూ ఉంది, సిగ్గూ ఉంది. ఆ రెంటిలో ఏది ఎక్కువో ఆయన చెప్పలేకపోయాడు.

రెండు రోజులకు ఇంకో సర్క్యులర్ వచ్చింది. విశ్వవిద్యాలయ ఆస్తి అయిన మూడవ అంతస్తు కనిపించకుండా పోవడం విచారకరం. అయితే మన వద్ద అన్వేషణలో సర్టిఫికెట్లు పొందిన నాలుగు వేల రెండు వందల పదిహేడు మంది నిపుణులు ఉండటం గర్వకారణం. కావున కోర్సు రెండవ భాగంగా, ప్రాక్టికల్ కింద, వారందరూ సదరు అంతస్తును వెతకాలి. అన్వేషణ పూర్తిగా ఆన్‌లైన్లోనే జరగాలి. కెమెరా ముందు నుంచి ఎవరూ లేవరాదు. కోర్సు ఉపాధ్యాయుడు శ్రీ లింబాద్రి మార్గదర్శనం చేస్తారు.

ఆ రోజు పదకొండు గంటలకు లింబాద్రి గ్రంథాలయంలో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. నల్లగళ్లు వచ్చాయి. రికార్డింగు మొదలైందని ఎర్రచుక్క వెలిగింది. పెన్షన్ కాగితాలింకా మార్తాండరావు బల్ల మీదే ఉన్నాయని ఆయనకు తెలుసు.

“వినబడుతుందా?” అన్నాడు. “ఇయ్యాల పాఠం ఒక్కటే మాట. నేను అడుగుతున్న, లేవున్రి. బయటికొచ్చి ఒక్కసారి చూడున్రి. చూసినంక మీకేది నిజమనిపిస్తే అది రాయున్రి.”

గళ్లు మౌనంగా ఉన్నాయి. ఆయన కుర్చీ వెనక్కి జరుపుకుని, కిటికీ దగ్గరికి వెళ్లాడు. ఎదురుగా హాస్టల్ వరండాలో ముందు వినోద వచ్చి నిలబడింది. ఆ పక్కన ఇంకో పిల్ల వచ్చింది. తర్వాత పై వరండాలో నలుగురు, అబ్బాయిల హాస్టల్ గోడ మీద పదిమంది, ఆ తర్వాత లెక్క అందలేదు. అందరూ వేళ్లు చూపిస్తూ కింది నుంచి పైకి లెక్కపెడుతున్నారు, రెండు దాటాక ఆగిపోతున్నారు, పక్కవాళ్లను అడిగి మళ్లీ మొదలుపెడుతున్నారు.

పదకొండూ ఇరవైకి ఆరు వందల పన్నెండు మాల్‌ప్రాక్టీసు కేసులు నమోదైనట్టు సాఫ్ట్‌వేర్ కంట్రోలర్ గారికి కబురు పంపింది.